తవ్విన చెయ్యి

పాపాతి గెలిచిన జగడం ఒకటి నేను దగ్గరుండి చూశాను. పన్నెండేళ్ళ కిందటి మాట. గుడియాత్తంలో మా వీధి వీధంతా గుమిగూడి చూసింది గానీ, నా అంత దగ్గరగా ఎవరూ లేరు. నేను ఆమె గది గడప మీదే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుకుంటున్నాను.

ఆమె గది అంటే మా ఇంటి ముందు గదే. వీధి వైపు వాకిలి ఉన్న ఆ గదిని మా తమ్ముడు చెంగల్రాయలు నాయుడు ఆమెకు బాడుగకిచ్చాడు. గది నడుమ గుంట, గుంట మీద మగ్గం. గుంట మగ్గం చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. నేసేవాళ్ళు నేలమట్టాన కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తారు. మగ్గం కాళ్ళు నాలుగూ నేలలోకి దిగి ఉంటాయి. మంచం జరిపినట్టు ఇవాళ ఈ మూలకు, రేపు ఆ మూలకు జరిపేది కాదు. గుంటలో చెమ్మ ఉంటే నూలు తెగదని పాపాతి అనేది. ఆ గుంటలో కాళ్ళు పెట్టుకునే ఆమె కైలీలు, అంటే లుంగీలు, నేసి, తన కూడు తాను తినేది.

ఆ పొద్దున మా తమ్ముడి బామ్మర్ది నారాయణ ఇద్దరు కూలీలను, ఒక బండి ఇసుకను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ గదిలో జెరాక్సు అంగడి పెట్టాలని ఆయనకు బుద్ధి పుట్టింది. అక్క మొగుడి ఇల్లు తన ఇల్లే అనుకునే మనిషి.

"పాపాతమ్మా, లెయ్యి. గుంట పూడ్చాల," అన్నాడు.

పాపాతి నూలు కండె పెట్టిన నాడెను పోగుల నడుమ విసరడం ఆపలేదు. "ఎవురు చెప్పినారు?"

"నేను చెప్తా ఉండా."

"నువ్వు ఎవురప్పా?"

ముప్పై ఏళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి ఆ మాట అడిగేసరికి నారాయణ ముఖం మాడిపోయింది. "నేనెవురో తెలీదా నీకు?"

"తెలవకేమి. నాయుడన్న పెండ్లిలో లడ్డు కోసం ఏడిసిన పిల్లోడివి. ఇప్పుడు మీసం వచ్చినాది. సంతోషం."

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. నారాయణ కూలీల వైపు తిరిగి, పోయండిరా అన్నాడు. వాళ్ళలో ఒకడు గంప ఎత్తుకుని గడప దాకా వచ్చాడు. నేను చిక్కుడుకాయల చేట పక్కకు లాక్కున్నాను. అంతకుమించి నేను చేసిందేమీ లేదు.

"పొయ్యి నాయనా," అంది పాపాతి వాడితో. "నా కాళ్ళు లోపలే ఉండాయి. మోకాలి దాకా వచ్చినాక ఒక మాట చెప్పు, కండె మార్చుకుంటా."

వాడు గంప దించేశాడు. నాడె అటూ ఇటూ పరుగెత్తుతూనే ఉంది. పాపాతి అప్పుడు గొంతు పెంచకుండా అంది: "ఈ గుంట తవ్విన చెయ్యి ఒకటి ఉండాది. ఆ చెయ్యి వచ్చి మన్ను పోస్తే నేను లేస్తా. నీ చెయ్యి ఏదో నాకు తెలీదు. పోయి నాయుడన్నను పిలుచుకొని రా."

పిలవక్కర లేకుండానే మా తమ్ముడు వచ్చాడు. స్నానం చేస్తున్నవాడు తడి తలతో, తువ్వాలు చుట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఇసుక బండిని చూశాడు, బామ్మర్దిని చూశాడు.

"నారాయణా, ఆ ఇసుక పెరట్లో పోయించు. బోరు కాడ బురదగా ఉండాది," అన్నాడు.

అంతే. లోపలికి వెళ్ళిపోయాడు. నారాయణ ఇసుక మోయించి, ఆ తర్వాత ఆరు నెలలు మా ఇంటికి రాలేదు.

మా తమ్ముడికి ఆ మాట ఎందుకు అంత బరువో చెప్పాలంటే మొదటి రోజుకు వెళ్ళాలి. నలభై రెండేళ్ళ కిందట మేల్పాడి వైపు నుంచి చౌడప్ప, అతని పెళ్ళాం పాపాతి ఒక బండిలో మగ్గం కర్రలు వేసుకుని ఈ ఊరు వచ్చారు. అప్పటికే ఆరిళ్ళు అడిగారు. కాపురానికి ఇల్లు ఇస్తారు గానీ, నేల తవ్వుకుంటామంటే ఎవరిస్తారు. మా తమ్ముడు ఇచ్చాడు.

మా వీధిలో దీనికొక పద్ధతి ఉండేది. బాడుగ ఇంట్లో గుంట తీయాలంటే నేతవాడు మొదటి పోటు పొడవకూడదు. ఇంటివాడే గడ్డపార పట్టి పొడవాలి. ఇల్లు ఇచ్చానని చెప్పడం అదే. ఇక ఏ కాయితమూ ఎవరూ రాసుకోరు. మళ్ళీ పూడ్చే రోజు వస్తే మొదటి గంపెడు మన్ను కూడా ఆ ఇంటివాడి చేత్తోనే పడాలి. మా తమ్ముడికి గడ్డపార పట్టడం రాదు. అతను పొడిస్తే పెళ్ళ ఎగిరి నా కాలికి తగిలింది. నేను పసుపు నీళ్ళ చెంబు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడతను అన్న మాట ఇది:

"చౌడప్పా, ఈ గుంటలో మగ్గం ఉండే వరకు ఈ గది మీది. నేను పొమ్మని చెప్పను. మా అక్క సాక్షి."

మా అక్క సాక్షి. నేను చెంబులో నీళ్ళు గుంటలో చల్లాను.

అప్పటికి నేను ఆ ఇంటికి వచ్చి రెండేళ్ళు. మొగుడు పోయి, పరదరామి నుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చాను. తమ్ముడు వెనక గది చూపించి, "అక్కా, ఇది నీది" అన్నాడు. నాకూ అంతే. మా ఇళ్ళల్లో అన్నీ అట్లాగే జరిగాయి.

చౌడప్ప పోయి పంతొమ్మిదేళ్ళు. మా వీధిలో ఆడవాళ్ళు నూలు చుడతారు, కండెలు నింపుతారు, మగ్గంలోకి దిగరు. మొగుడు పోయిన పదిహేడో రోజున పాపాతి దిగింది. ఇరుగమ్మ పొరుగమ్మ ముక్కున వేలేసుకుంటే, "ఆయన కాళ్ళు పోయినాయి. నావి ఉండాయి గదా. చెక్కకు ఎవురి కాలైతే ఏమి," అంది. మొదటి కైలీ వంకరగా వచ్చింది. దాన్ని ఎవరికీ అమ్మకుండా తానే చీర మీద తుండుగా కట్టుకుని, అది చినిగేదాకా వాడింది. రెండో ఏడు ఆమె నేసిన గళ్ళ కైలీ కావాలని అంగడివాళ్ళు అడిగి తీసుకెళ్ళేవాళ్ళు.

ఆమె మంచిదని పొగడడానికి ఇది చెప్పడం లేదు. ఆమె నోటికి కుక్కలు కూడా దూరంగా పోయేవి. నా వంట బాగాలేదని నా ముఖం మీదే అంది, ఒకసారి కాదు. కూతురు పవిత్ర అరక్కోణంలో మూడో అంతస్తులో ఉంటుంది. వచ్చి మాతో ఉండమ్మా అని ఎన్నిసార్లు పిలిచినా, "మూడో అంతస్తులో గుంట తవ్వితే కింద కాపురముండే వాళ్ళ నెత్తిన పడతా," అని నవ్వేది. అమావాస్య నాడు మాత్రం మగ్గం ఆపేది. ఆ రోజు స్నానం చేసి, తల ఆరబెట్టుకుని, బాడుగ తెచ్చి తమ్ముడి చేతికిచ్చి, నా దగ్గర కూర్చుని పొద్దుగూకేదాకా ఊరి వాళ్ళందరినీ తిట్టేది. నేనూ తిట్టేదాన్ని. నాకు నెలంతా ఎదురుచూసేది ఇంకేముంది.

నారాయణ ఇసుక తెచ్చిన మరునాడు మా తమ్ముడు ఆమెను పిలిచి, "పాపాతీ, నేను ఉన్నన్నాళ్ళు సరే. ఒక కాయితం రాసిస్తా, పెట్టుకో," అన్నాడు. నేను అక్కడే ఉన్నాను.

పాపాతికి కోపం వచ్చింది. "నీ నోటిని నేను నమ్మలేదని ఊళ్ళో అనుకోవాల్నా నాయుడన్నా? నువ్వు పొడిచిన గుంట నా కాళ్ళ కింద ఉండాది. దాని మీద కాయితం ఏంది. ఎత్తి పెట్టు."

శభాష్ అనుకున్నాను నేను. మనిషంటే ఇట్లా ఉండాలి అనుకున్నాను. ఆ రోజు ఆమె నోరు మూసి, ఆ కాయితం తీసుకో అని చెప్పి ఉండాల్సిన మనిషిని నేనే. చెప్పలేదు.

పోయిన మాసి నెలలో, అంటే ఫిబ్రవరి ఆఖర్లో, మా తమ్ముడు వేలూరు ఆసుపత్రిలో పోయాడు. శవం ఇంటికి వచ్చేసరికి పాపాతి మగ్గం ఆపి, గది కడిగి, వాకిట్లో కూర్చుని ఉంది. పరదరామి నుంచి చుట్టాలు నలభై మంది వస్తున్నారు. పడుకోవడానికి చోటు లేదు, వండడానికి చోటు లేదు. తమ్ముడి కొడుకు విజయకుమార్‌ది వేలూరులో ఉద్యోగం. నెమ్మదస్తుడు, గొంతెత్తి మాట్లాడడు. "అత్తా, ముందు గది కావాల. నువ్వు చెప్తే ఆమె వింటాది," అన్నాడు.

నేను వెళ్ళి చెప్పాను.

"పాపాతీ, చుట్టాల పిల్లకాయలు గుంటలో పడతారేమో. ఈ పదహారు దినాలకు మగ్గం తీసి పెట్టు. కర్మ అయినాక మళ్ళా నిలబెట్టుకుందువు."

ఆమె మగ్గం వైపు చూసింది. దాని మీద నిలువు పోగుల పడుగు బిగించి, సగం నేసి ఉంది. "నువ్వు అడగకపోయినా ఈ పదహారు దినాలు ఆపేదాన్నే అక్కా. గది ఇచ్చినోడు పోతే మగ్గం పలకకూడదు. కానీ తీసేదానికి పడుగు కోయాల," అంది.

"పదహారు దినాలే గదా."

"నువ్వు చెప్తా ఉండావా?"

"నేనే చెప్తా ఉండా."

"సరి. నాయుడన్న కోసం," అని కత్తెర తీసుకుంది. నడిమధ్యన పడుగు కోయడం ఆమె అంతకు ముందు ఎప్పుడూ చేయలేదు. పోగులు తెగుతున్నప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంది. మగ్గం కర్రలు మా మెట్ల కింద పేర్చి, మీద యూరియా సంచులు కప్పింది. ఆ పదహారు రోజులూ మా పెరటి వసారాలో పడుకుని, మా చుట్టాలకు అంట్లు తోమింది.

పన్నెండో రోజు అరిటాకులు తెమ్మని ఆమెను సంతకు పంపాను. పంపింది నేనే. ఆమె ఆకుల కట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి వచ్చేసరికి గుంట లేదు. ఇసుక నింపి, పైన సిమెంటు పూసి ఉంది. ఇంకా పచ్చిగానే ఉంది. మేస్త్రీ తాపీ కడుక్కుంటున్నాడు.

పాపాతి కట్ట దించలేదు. "ఎవురి చెయ్యి పోసింది?" అని అడిగింది.

మేస్త్రీకి ఆ మాట అర్థం కాలేదు. కూలోళ్ళు పోశారని చెప్పాడు. విజయకుమార్ లోపలి నుంచి వచ్చి, "కుర్చీలు సరిగ్గా నిలవలేదమ్మా. టెంపరరీ. కర్మ అయినాక చూద్దాం," అన్నాడు. పాపాతి నా వైపు తిరిగింది. "చూద్దాం అంటా ఉండాడు గదా," అన్నాను నేను.

కర్మ అయింది. పన్నుల పని ఉంది, మార్చి పోనీ అన్నాడు విజయకుమార్. మార్చి పోయింది. గంగమ్మ శిరసు జాతర కానీ అన్నాడు. జాతర కూడా అయింది. పాపాతి ఈలోగా పక్క సందులో ఒక చిన్న గది తీసుకుంది. నేల నున్నటి గ్రానైటు. పవర్‌లూము వాళ్ళకు కండెలు చుట్టడం మొదలుపెట్టింది. చేత్తో నేసిన మనిషి యంత్రానికి కండెలు అందిస్తోంది. ఇంటింటికీ పోయి గుంటకు చోటు అడిగింది. గుంట అన్న మాట వినగానే తలుపులు వేసుకున్నారు. మా గది తప్ప ఈ ఊళ్ళో ఆమెకు మగ్గం నిలబెట్టే చోటు లేదు.

జాతర అయిన వారానికి ఆమె నేరుగా విజయకుమార్‌ను అడిగింది. అతను ఆమెకు కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, అప్పుడు చెప్పాడు.

"అమ్మా, మా నాయన ఏమన్నాడు? గుంటలో మగ్గం ఉండే వరకు అన్నాడు. అవునా కాదా?"

"ఆమా. అదే అన్నాడు."

"ఇప్పుడు మగ్గం యాడ ఉండాది? మెట్ల కింద ఉండాది. ఎవురైనా తీయించినారా? నువ్వే కదా తీసినావు. నేనేమైనా పొమ్మన్నానా?"

పాపాతి కాఫీ గ్లాసు తాకకుండా లేచి వెళ్ళిపోయింది.

మా తమ్ముడు అన్న ఆ మాట విజయకుమార్‌కు చెప్పింది ఎవరనుకున్నారు. వాడు చిన్నవాడిగా ఉన్నప్పుడు నేనే కథలాగా చెప్పాను. మీ నాయన మాట మీద నిలబడే మనిషి అని గొప్పగా చెప్పాను. వాడు అక్షరం మరిచిపోలేదు.

పాపాతి పోలీసు స్టేషనుకు వెళ్ళింది. ఇద్దరినీ పిలిచారు. సాక్షి ఉందని ఆమె నా పేరు ఇచ్చింది, కాబట్టి నన్నూ రమ్మన్నారు. విజయకుమార్ కారులో వెళ్ళాను. దారిలో వాడు అద్దంలో నా వైపు చూసి, చాలా మెల్లగా అన్నాడు:

"అత్తా, వెనక గదికి నీ దగ్గర మాత్రం కాయితం ఉండాదా? నేను ఎప్పుడైనా అడిగినానా? మనలో మనకు కాయితాలేంది. నువ్వు ఇంటి మనిషివి."



స్టేషనులో ఇన్‌స్పెక్టరు పాపాతిని అరవంలో అడిగాడు. "పేపర్ ఇరుక్కా?"

లేదంది. నోటి మాట అంది. ఆయన నా వైపు తిరిగి, ఆ మాట అన్నప్పుడు మీరు ఉన్నారా అవ్వా అని అడిగాడు. నలభై రెండేళ్ళ కిందట నా కాలికి తగిలిన మట్టి పెళ్ళ నాకు గుర్తుంది. పసుపు నీళ్ళ చెంబు సొట్ట గుర్తుంది.

"మగవాళ్ళ మాటలు నాకేం తెలుసు. నేను వంటింట్లో ఉండేదాన్ని," అన్నాను.

పాపాతి నా వైపు చూడలేదు. తిట్టలేదు కూడా. ఊరి వాళ్ళందరినీ తిట్టే ఆ నోరు నన్ను ఒక్క మాట అనలేదు. "సరి," అని లేచింది. ఆయన రాసిన దానిలో నా సంతకం అడిగారు. చిన్నప్పుడు పరదరామిలో మూడు తరగతులు చదివినందుకు నాకు వచ్చిన నాలుగు తెలుగు అక్షరాలతో, నాకు చదవడం రాని అరవ కాయితం కింద సంతకం చేశాను.

తర్వాత రెండు అమావాస్యలు ఆమె రాలేదు. నేను పొద్దుగూకేదాకా గడప మీద కూర్చుని, లేచి లోపలికి పోయేదాన్ని. విజయకుమార్ భార్య భువన, "ఎవురి కోసం అత్తా," అని అడిగేది. గాలికి కూర్చున్నానని చెప్పేదాన్ని.

ముందు గదిని పార్సిళ్ళ కంపెనీ వాళ్ళు గోడౌనుకు అడిగారు. ఆడి నెలలో ఎవరూ కొత్త చోట్లో దిగరు కాబట్టి అది దాటి ఆవణి మొదట్లో వస్తామన్నారు. ఈలోగా టైల్సు పరిచి ఇవ్వాలట. టైల్సు పెట్టెలు వచ్చి వాకిట్లో దిగాయి. మగ్గం కర్రలు తీసుకుపొమ్మని పాపాతికి కబురు పంపారు. తీసుకెళ్ళకపోతే మంటకు పనికొస్తాయని భువన అంది. అది చెడ్డ పిల్ల కాదు. దానికి అవి కర్రలే.

నిన్న ఆడి అమావాస్య. పాపాతి వచ్చింది. తల ఆరబోసుకుని ఉంది. ఎప్పటిలాగే వచ్చి గడప మీద నా పక్కన కూర్చుంది. చేతిలో గడ్డపార ఉంది. కర్రలు తీసుకుపోవడానికి వచ్చిందేమో, గడ్డపారెందుకు అనుకున్నాను.

"అమావాస్యకు వచ్చినావే," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"నాకు ఇప్పుడు అన్నీ అమావాస్యలే అక్కా. మగ్గం లేనిదానికి ఏ దినమైతే ఏమి," అంది.

 అప్పుడు నేను స్టేషను మాట ఎత్తబోయాను. పాపాతి చెయ్యి అడ్డం పెట్టింది.

"దానికి రాలేదు నేను. నువ్వు భయపడినావు. నీకూ కాయితం లేదని నాకు తెలుసు. నాయుడన్న నీకు గది చూపించిన కథ నువ్వే చెప్పినావు. ఆ మాట వదిలెయ్యి."

"మరి దేనికి వచ్చినావు?"

ఆమె గడ్డపారను నా ఒళ్ళో అడ్డంగా పెట్టింది. బరువుగా, చల్లగా ఉంది. మొన తుప్పు వదిలేలా రాయి మీద నూరి తెచ్చింది.

"ఇది మీదే. ఆ దినం నాయుడన్న పొడిచిందే ఇది. చౌడప్ప మిగతాది తవ్వుకుని తిరిగి ఇస్తే, నువ్వే ఉంచుకోమన్నావు. టైల్సు పరిచేవాళ్ళు రేపు పది గంటలకు వస్తారంట. విజయకుమార్ వేలూరు పోతాడు ఏడు గంటలకు. వీధి వాళ్ళు ఎనిమిదింటికి నీళ్ళ కొళాయి కాడ ఉంటారు. నేను వాళ్ళను వాకిట్లోకి పిలుస్తా. నువ్వు మాట్లాడొద్దు. ఏమీ చెప్పొద్దు. నాయుడన్న పొడిచిన చోటు నీకు తెలుసు, తూర్పు గోడకు మూడు జానలు ఇవతల. నువ్వూ ఆ ఇంటి మనిషివే. ఆ సిమెంటు మీద నీ చేత్తో ఒక్క పోటు పొడువు అక్కా. మిగిలింది నేను తవ్వుకుంటా."